డూమ్‌లో 35 మిల్లీలీటర్లు: ఒక హెడ్‌లైట్ తడి కేసు

బండి: తొమ్మిదేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 84 వేల కిలోమీటర్లు తిరిగింది. విశాఖపట్నంలో సముద్రానికి దగ్గర, రాత్రిళ్లు ఆరుబయటే పార్కింగ్. లైట్లు హెచ్4 హాలోజన్ రకం, హై బీమ్‌కీ లో బీమ్‌కీ ఒకటే బల్బు. ఆగస్టు నెల. ఫిర్యాదు ఒక్క ముక్కలో (డూమ్ అంటే హెడ్‌లైట్ డబ్బా మొత్తం): "రెండు డూమ్‌లూ మసకేస్తున్నాయి, కుడి దాంట్లో నీళ్లు ఊగుతున్నాయి."

ఈ ఒక్క వాక్యంలో రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఎడమ డూమ్‌లో ఉన్నది అసలు జబ్బే కాదు. కుడి దాంట్లో ఉన్నది లీకు. రెండింటికీ ఒకే మందు వేస్తే బాగున్నది చెడుతుంది, చెడింది బాగుపడదు.

కుడి డూమ్‌కి అప్పటికే మూడు వైద్యాలు అయ్యాయి. గ్లాసు చుట్టూ తెల్లగా సిలికాన్ పట్టించారు. అడుగున 3 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో బెజ్జం వేశారు, నీళ్లు కారిపోతాయని. లోపల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు మూడు పడేశారు. ఈ మూడింటి కంటే ముందు జరిగింది ఇంకొకటి ఉంది, హాలోజన్ బల్బు తీసి ఎల్ఈడీ బల్బు పెట్టడం. నీళ్లు పట్టడం మొదలైంది దాని తర్వాతి వానాకాలం నుంచేనని ఓనరు చెప్పిన తేదీలను వరసగా పెడితే తేలింది.

ముందు లెక్క, తర్వాత స్పానర్

డూమ్ విప్పి, బల్బు తీసి, తలకిందులు చేసి వచ్చిన నీళ్లను సిరంజితో కొలిస్తే 35 మిల్లీలీటర్లు. కొలవడం చాదస్తంగా కనిపించొచ్చు గానీ కేసు సగం అక్కడే తేలుతుంది.

హెడ్‌లైట్ గాలి చొరని డబ్బా కాదు, ఊపిరి తీసుకునే డబ్బా. లైటు వేస్తే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, కొంత బయటికి పోతుంది. ఆర్పితే చల్లబడి బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. బయటి గాలి 29 డిగ్రీలు, తేమ 85 శాతం అనుకుందాం, విశాఖలో వానాకాలం రాత్రి మామూలే. ఆ గాలిలో ఘనపు మీటరుకి సుమారు 24.5 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఈ డూమ్ లోపలి ఖాళీ 8 లీటర్ల దాకా ఉంది. అంటే డూమ్ నిండా ఉన్న గాలిలోని ఆవిరి మొత్తం నీరైనా 0.2 గ్రాము దాటదు. నాలుగు చుక్కలు.

లోపలి గాలి 30 నుంచి 60 డిగ్రీలకు వెళ్తే ఒక ఊపిరికి మారే గాలి పదో వంతు. ఆ లెక్కన ఒక్కో రాత్రికి లోపలికి వచ్చే ఆవిరి 0.02 గ్రాము. ఒక్క చుక్క కూడా బయటికి ఆరకుండా నిలిచినా 35 మిల్లీలీటర్లు చేరాలంటే 1,750 రాత్రులు కావాలి. అయిదేళ్లకు దగ్గర. ఓనరు మాట ప్రకారం అంతకు రెండు వారాల ముందే ఇలాగే ఒంపేశారు. కాబట్టి ఇది ఆవిరి కాదు, వాననీరు నేరుగా చొరబడుతున్న దారి ఒకటి ఉంది.

కొలిచే వీలు లేనప్పుడు కళ్లతోనే పోల్చుకోవచ్చు. గ్లాసు లోపల పలచని మంచు పొరలా ఉండి, వేలితో రాస్తే చార పడేంత మాత్రమే ఉండి, లైటు వేసిన 20 నుంచి 30 నిమిషాల్లో పోతే అది మామూలు ఊపిరి తడి. అది ఎప్పుడూ బల్బుకి దూరంగా ఉన్న బయటి కింది మూలలోనే మొదలవుతుంది, ఎందుకంటే గ్లాసు మీద అన్నిటికంటే చల్లని చోటు అది. అలా కాకుండా చుక్కలు కట్టి కారుతుంటే, అడుగున నీటి గీత కనిపిస్తే, ఆరాక మట్టి చార మిగిలితే, హోల్డర్ పిన్నుల మీద పచ్చటి తుప్పు ఉంటే అది లీకు. ఎడమ డూమ్‌లో మూల మాత్రమే మసకేసింది, లైటు వేశాక 18 నిమిషాల్లో పోయింది. దాన్ని అక్కడితో పక్కన పెట్టేశాం.

విప్పినప్పుడు కనిపించినవి

బ్యాటరీ నెగెటివ్ తీసి, గ్రిల్ పై క్లిప్పులు, రెండు చక్రాల తొట్ల దగ్గరి స్క్రూలు తీసి బంపర్ ముందుకి లాగితే డూమ్‌కి ఉన్న మూడు 10 నంబర్ బోల్టులు అందుతాయి. కుడి డూమ్ పై మౌంటింగ్ చెవి విరిగి ఉంది, బంపర్‌కి ఎప్పుడో చిన్న దెబ్బ తగిలిన గుర్తు. చెవి విరిగిన డూమ్ మిగతా రెండు బోల్టుల మీదే వేలాడుతూ ప్రతి గుంతకీ మెలి తిరుగుతుంది. ఆ మెలికంతా గ్లాసుకీ వెనక డబ్బాకీ మధ్య ఉన్న అతుకు మీద పడుతుంది. పై అతుకులో లోపలి మూల దగ్గర 6 సెంటీమీటర్ల మేర విడుపు కనిపించింది. పైన సిలికాన్ కప్పి ఉంది, కింద విడుపు అలాగే ఉంది.

బల్బు వెనక నీళ్లు చొరకుండా మూసే రబ్బరు తొడుగు, అంటే బూట్, కోసి ఉంది. ఎల్ఈడీ బల్బు వెనక ఫ్యాను, వేడి వదిలే రెక్కలు లావుగా ఉంటాయి, హెచ్4 బూట్ వాటి మీద కూర్చోదు. అందుకని మధ్య రంధ్రం కత్తెరతో వెడల్పు చేసి ఎక్కించారు. చుట్టూ 5 నుంచి 8 మిల్లీమీటర్ల సందు. ఇంజిన్ రూంలోకి చిమ్మే నీళ్లకి ఇంతకంటే పెద్ద వాకిలి అక్కర్లేదు.

ఈ డూమ్‌కి వెనక రెండు ఊపిరి గొట్టాలు, మోచేయిలా వంగిన రబ్బరు ముక్కలు. ఒకటి పైన లోపలివైపు, ఒకటి కింద బయటివైపు. గాలి కింద దూరి, వేడెక్కి, పైనుంచి పోవాలని ఆ ఏర్పాటు. పై గొట్టం సిలికాన్‌తో పూర్తిగా మూసుకుపోయింది, లీకు ఇదేనేమో అనుకుని పూసినట్టున్నారు. కింది గొట్టంలో ఎర్రమట్టి గట్టిపడి ఉంది.

ఈ మూసివేత గురించి కాస్త చెప్పాలి, ఎక్కువమంది చేసే తప్పు ఇదే కాబట్టి. వేరే సందేదీ లేని డూమ్‌కి గొట్టాలు మూసేస్తే లోపలి గాలి 30 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కినప్పుడు ఒత్తిడి పదో వంతు, అంటే దాదాపు 10 కిలోపాస్కల్, పెరుగుతుంది. గ్లాసు 50 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు అనుకుంటే దాని మీద లోపలినుంచి పడే తోపుడు సుమారు 100 కిలోల బరువంత. రోజూ రాత్రి లైటు వేసిన ప్రతిసారీ వంద కిలోలు. ఆర్పి చల్లబడినప్పుడు అదే గ్లాసును లోపలికి లాగే చూషణ. అతుకులో ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తెరుచుకుంటుంది. వేడి డూమ్ మీద వాన పడినప్పుడు ఆ విడుపు దగ్గర నిలిచిన నీటిని డూమ్ స్ట్రా వేసి తాగినట్టు తాగుతుంది. గొట్టం తెరిచి ఉంటే లోపలికి గాలి వస్తుంది. మూసి ఉంటే నీళ్లొస్తాయి.

బీపీ మిషన్‌తో లీకు పట్టడం

కళ్లకు కనిపించిన రెండు దారులతో సరిపెట్టుకోకూడదు. డూమ్‌ని ఒత్తిడి పెట్టి చూడాలి, కానీ కంప్రెసర్‌తో కాదు. కంప్రెసర్ 6, 7 బార్ ఇస్తుంది. ఒక్క బార్ పెరిగినా ఈ గ్లాసు మీద టన్ను బరువు పడ్డట్టు.

చేత్తో నొక్కే పాత బీపీ మిషన్ ఈ పనికి చక్కగా సరిపోతుంది. చేతికి చుట్టే పట్టీ తీసేస్తే రెండు గొట్టాలు మిగులుతాయి, ఒకటి నొక్కే బుడ్డిది, ఒకటి గేజ్‌ది. చేపల తొట్టెల సామాన్లు అమ్మేచోట దొరికే టీ ముక్కతో రెండింటినీ కలిపి, మూడో కొనను డూమ్ ఊపిరి గొట్టం మూతికి తగిలించాలి. రెండో ఊపిరి గొట్టానికి, అడుగు బెజ్జానికి బిరడా. బల్బూ, మంచి బూటూ పెట్టి మూసి, గేజ్ 25 చూపేదాకా నొక్కాలి. 25 మిల్లీమీటర్ల పాదరసం అంటే 3.3 కిలోపాస్కల్, గ్లాసు మీద సుమారు 34 కిలోల తోపుడు. అంతకు మించి నొక్కకూడదు. లీకు లేని 8 లీటర్ల డూమ్‌కి అయిదారు నొక్కులు చాలు. ఇక్కడ పది నొక్కినా గేజ్ 8 దాటలేదు.

లీటరు నీళ్లలో రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, పెయింటు బ్రష్‌తో అతుకు పొడవునా రాస్తే పై మూల విడుపు దగ్గర నురగ పొంగింది. సిలికాన్ అంచు వెంబడి మరో రెండుచోట్ల సన్నని బుడగలు. పార్కింగ్ బల్బు హోల్డర్ దగ్గర ఏమీ లేదు. అన్నీ రాసి, మార్కర్‌తో గుర్తు పెట్టి, ఫొటో తీశాం. ఒక చోటు మాత్రం వదిలేశాం. దాని సంగతి తర్వాత వస్తుంది.

గ్లాసు తెరవాలా వద్దా

తెరవకుండా పోయే పని అయితే తెరవకూడదు. అతుకు ఒక్కచోటే విడిపోయి లోపల శుభ్రంగా ఉంటే, అంతవరకే వేడిచేసి నొక్కి క్లాంప్ వేస్తే పాత జిగురే మళ్లీ పట్టుకుంటుంది. ఇక్కడ ఆ అవకాశం లేదు. అడుగు బెజ్జంలోంచి చక్రం చిమ్మిన బురద లోపలికి వచ్చింది. సిలికా జెల్ పొట్లం ఒకటి చినిగి గుళికలు రిఫ్లెక్టర్ గిన్నెలోకి దొర్లాయి. విడుపు లోతుల్లోకి సిలికాన్ దిగింది, పాత సిలికాన్ మీద కొత్తగా ఏ జిగురూ నిలవదు, చివరికి సిలికానూ నిలవదు.

తెరవగలమా లేదా అన్నది జిగురును బట్టి ఉంటుంది. అతుకులో మూల దగ్గర సన్నని మేకు గుచ్చి చూడాలి. నల్లగా, మెత్తగా, తీగలా సాగితే బ్యూటైల్, వేడికి తెరుచుకుంటుంది. గట్టి రబ్బరులా ఎదురు తన్నితే పాలీయురేథేన్, వేడికి లొంగదు, బలవంతం చేస్తే గ్లాసు పగులుతుంది. చాలా టెయిల్ లైట్లలో జిగురే ఉండదు, ప్లాస్టిక్‌ని ప్లాస్టిక్‌కి కరిగించి అతికిస్తారు. అలాంటివి తెరిచే ప్రయత్నమే చేయకూడదు. ఈ డూమ్‌ది బ్యూటైల్.

వేడి పెట్టడానికి ఇంటి ఓవెన్ సరిపోదు, డూమ్ పట్టదు. దళసరి అట్టపెట్టెలో కింద చెక్క ముక్కలు పేర్చి వాటి మీద డూమ్ పెట్టి, ఒక పక్క రంధ్రంలోంచి హీట్ గన్ ఊదించాం. హీట్ గన్ మూతికి ఎదురుగా రేకు ముక్క అడ్డం పెట్టాలి, వేడిగాలి గ్లాసుకు నేరుగా తగలకుండా, అట్ట అంటుకోకుండా. థర్మామీటర్ తీగ డూమ్ పక్కనే ఉండాలి. 85 నుంచి 90 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు. గ్లాసు పాలీకార్బొనేట్, అది మెత్తబడేది 145 డిగ్రీల పైన. వెనక డబ్బా పాలీప్రొపిలీన్, కరిగేది 160 దాటాకే అయినా 110, 120 దగ్గరే వంకర పోవడం మొదలవుతుంది. ఆ పెట్టె దగ్గర ఒక మనిషి నిలబడే ఉండాలి, టీకి వెళ్లకూడదు. పెట్టెలో పెట్టేముందు బల్బులు, హోల్డర్లు, చుట్టూ ఉన్న స్టీలు క్లిప్పులు, అంచు కింద దాక్కున్న స్క్రూలు అన్నీ తీయాలి. ఒక్క స్క్రూ మరిచి లాగితే గ్లాసు అక్కడే బీటలు వారుతుంది.

చేతికి గ్లవ్స్ వేసుకుని, వెడల్పాటి ప్లాస్టిక్ పట్టీతో విడుపు ఉన్న మూల నుంచే మొదలుపెట్టి నెమ్మదిగా తెరిచాం. సగంలో జిగురు బిగుసుకుంది. మళ్లీ పెట్టెలో 6 నిమిషాలు. తొందరపడి స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే గాడి గోడ విరుగుతుంది, ఆ గోడే నీటిని ఆపేది.

లోపల కడగడం

రిఫ్లెక్టర్ మీద మెరుపు అల్యూమినియం పొర, మైక్రాన్ కంటే పలచన. గుడ్డతో ఒక్కసారి తుడిస్తే ఆ మెరుపు గుడ్డకి వస్తుంది. మైక్రోఫైబర్ అయినా అంతే. ఊది గుళికలు దులిపి, డిస్టిల్డ్ వాటర్ 200 మిల్లీలీటర్లలో రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ వేసి, పోసి, ఊపి, పారబోశాం. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు. బోరు నీళ్లు వద్దు, ఆరాక తెల్ల మచ్చలు మిగులుతాయి, ఆ మచ్చలను తుడవలేం కూడా. అడుగు అంచున అల్యూమినియం రెండు వేళ్ల మేర నల్లబడి పోయింది. అది తిరిగి రాదు. సిలికాన్ చేసిన పని అది. గట్టిపడేటప్పుడు వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. మూసిన డూమ్‌లో ఆ ఆవిరి రిఫ్లెక్టర్‌నీ, హోల్డర్ పిన్నుల్నీ తింటుంది. బాత్రూం సింకు చుట్టూ పూసే ట్యూబు డూమ్ దగ్గరికి రాకూడదు.

గ్లాసు లోపలి ముఖాన్ని కూడా నీళ్లతోనే కడగాలి. కొన్ని గ్లాసులకు లోపల మంచు పట్టనివ్వని పూత ఉంటుంది, స్పిరిట్‌తో తుడిస్తే పోయి అక్కడ్నుంచి ప్రతి తెల్లవారీ మసకేస్తుంది. థిన్నర్, పెట్రోలు, అసిటోన్ తాకితే పాలీకార్బొనేట్ మీద వెంట్రుకంత సన్నని పగుళ్లు పడతాయి. అతుకు అంచులు శుభ్రం చేయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సరిపోతుంది, ప్లాస్టిక్‌కి హాని లేదు.

ఆరబెట్టడం 50 డిగ్రీలు మించని గాలితో, రెండున్నర గంటలు. బల్బు వేసి ఆరబెట్టే అలవాటు మంచిది కాదు, నీళ్లు లోపలుండగా బల్బు వేస్తే ఆవిరి పైకి లేచి రిఫ్లెక్టర్ అంతా పట్టుకుంటుంది, చల్లని చుక్క వేడి బల్బు గాజు మీద పడితే బల్బు పగలొచ్చు.

బెజ్జం మూత, కొత్త జిగురు

అడుగు బెజ్జానికి ఎపాక్సీ పుట్టీ పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. డబ్బా మీద అచ్చులోనే పీపీ అని గుర్తు ఉంది. పాలీప్రొపిలీన్‌కి ఎపాక్సీ పట్టదు, మూడు నెలలకు బిళ్లలా ఊడి వస్తుంది. పీపీ రాడ్ తీసుకుని ప్లాస్టిక్ వెల్డింగ్ ఐరన్‌తో బెజ్జం అంచులు మెత్తబడ్డాక రాడ్ కరిగించి రెండువైపులా నింపాం. విరిగిన మౌంటింగ్ చెవికి కూడా ఇదే వెల్డింగ్, కాకపోతే లోపల సన్నని స్టీలు జాలీ ముక్క పెట్టి. చెవి నిలబెట్టకుండా అతుకు బాగుచేస్తే ఆరు నెలల్లో అదే మూల మళ్లీ విడుతుంది.

గాడిలోని పాత జిగురు, సిలికాన్ గీకడమే ఈ పనిలో విసుగు పుట్టించేది. గంటన్నర పట్టింది. వేలు పెట్టి రాస్తే జారుడుగా తగిలిన చోటల్లా ఇంకా సిలికాన్ ఉన్నట్టే. తర్వాత 8 మిల్లీమీటర్ల లావు బ్యూటైల్ తాడు గాడి చుట్టూ పరిచాం, ఈ డూమ్‌కి 1.6 మీటర్లు పట్టింది. తాడు రెండు కొనలూ అడుగువైపు కలిసేలా చూసి 3 సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి వేయాలి. కలిసే చోటు పైన వస్తే వాన నీళ్లు నిలిచేది కూడా అక్కడే. తాడును సాగదీయకూడదు, సాగదీసింది తర్వాత ముడుచుకుని సందు వదులుతుంది.

గ్లాసు కూర్చోబెట్టి మళ్లీ పెట్టెలో 85 డిగ్రీల దగ్గర 12 నిమిషాలు, బయటికి తీసి వెంటనే పది క్లాంపులు, ఒక్కోదాని కింద రబ్బరు ముక్క. చల్లారేదాకా గంట. అప్పుడు క్లిప్పులు, స్క్రూలు బిగించి, ఇంకొక్కసారి వేడిచేసి నొక్కాం. రెండోసారి వేడి పెట్టేది ఊరికే కాదు, మొదటిసారి జిగురు అంచులకి మాత్రమే పారుతుంది, రెండోసారికి గాడి నిండుతుంది.

పై గొట్టం కొత్తది వేశాం, కింది దాన్ని ఐసోప్రొపైల్ పోసి నైలాన్ తీగతో శుభ్రం చేశాం. కొన్ని డూమ్‌లకి గొట్టాల బదులు గుండ్రని తెల్ల స్టిక్కర్ లాంటి పొర ఉంటుంది, గాలిని పోనిచ్చి నీటిని ఆపే రకం. దాన్ని తీగతో పొడిస్తే పని అయిపోయినట్టే, మార్చాల్సిందే.

మొదటి పరీక్షలో ఓడింది

బీపీ బుడ్డి మళ్లీ తగిలించి నొక్కితే 25కి చేరింది, కానీ నిమిషంలో 9కి పడిపోయింది. అతుకు పొడవునా నురగ రాసినా ఎక్కడా బుడగ లేదు. రెండు బూట్లు మార్చి చూసినా అంతే.

దొరికింది ఫోకస్ స్క్రూ దగ్గర. రిఫ్లెక్టర్‌ని పైకీ కిందికీ తిప్పే స్క్రూ డబ్బా గోడలోంచి లోపలికి వెళ్తుంది, అక్కడ చిన్న ఓ-రింగ్ (సందు మూసే రబ్బరు వలయం) ఉంటుంది. ఎల్ఈడీ పెట్టాక వెలుగు ఎదుటివాళ్ల కళ్లలో కొడుతోందని ఆ స్క్రూను చివరిదాకా తిప్పేసినట్టుంది, రింగు గాడి తప్పి మెలి తిరిగింది. మొదటి పరీక్షలో వదిలేసిన చోటు ఇదే. పెద్ద లీకు ఉన్నప్పుడు గాలంతా అటే పోతుంది, చిన్న లీకు దగ్గర బుడగ రాదు. అందుకని పెద్దది మూశాక పరీక్ష మొత్తం మొదటినుంచి మళ్లీ చేయాలి. స్క్రూ విప్పి, అదే కొలత రింగు మార్చి, సిలికాన్ గ్రీజు పలచగా రాసి బిగిస్తే గేజ్ నిమిషంలో 25 నుంచి 22 దగ్గర ఆగింది. నిమిషానికి 5 లోపు తగ్గితే సరే అనుకోవచ్చు, వానకి చాలు.

ఆ తర్వాత ఊపిరి గొట్టాల బిరడాలు తీయడం. ఇది వేరే వాక్యంగా రాయడానికి కారణం, మరిచిపోవడం తేలిక.

బండికి బిగించాక అసలు పరీక్ష: లో బీమ్ 20 నిమిషాలు వెలిగించి, ఆర్పి, వెంటనే మామూలు గొట్టంతో పైనుంచి 10 నిమిషాలు నీళ్లు. వేడి డూమ్ మీద వాన పడితే జరిగేది ఇదే. ప్రెషర్ వాషర్ వాడకూడదు, అది వానలో ఎప్పుడూ రాని లీకును సృష్టిస్తుంది. లోపల ఒక్క చుక్కా లేదు. చివర్లో గోడకి 5 మీటర్ల దూరంలో నిలిపి లో బీమ్ పై అంచు డూమ్ మధ్య ఎత్తు కంటే 5 సెంటీమీటర్లు కిందికి వచ్చేలా ఫోకస్ సెట్ చేశాం.

అసలు ఎల్ఈడీ ఎందుకు పెట్టించారు

"వెలుతురు చాలట్లేదు" అని. ఆ మాట నిజమే. హాలోజన్ 60/55 వాట్ల బల్బు పెట్టి, ఇంజిన్ ఆన్‌లో బ్యాటరీ దగ్గర కొలిస్తే 14.0 వోల్టులు, డూమ్ కప్లర్ (వైరు ప్లగ్గు) దగ్గర 12.4. మధ్యలో 1.6 వోల్టులు ఎక్కడో పోతున్నాయి. అందులో 1.1 ఎర్త్ దారిలోనే. ఎర్త్ బోల్టు కింద రింగు ఉప్పుగాలికి పచ్చగా పూసింది. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజీకి సుమారు 3.4వ ఘాతంలో మారుతుంది. ఈ తగ్గుదలకి వెలుగులో మూడో వంతు పోతుంది. ఈ కొలత ఎల్ఈడీ ఉండగా తీస్తే దొరకదు, అది తీసుకునే కరెంటు సగం కూడా ఉండదు కాబట్టి వోల్టేజీ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

రింగు, బాడీ రేకు గీకి, బిగించి, పెట్రోలియం జెల్లీ రాసి, కప్లర్ పిన్నులు శుభ్రం చేశాక 13.5 వచ్చింది. ఓనరు మళ్లీ ఎల్ఈడీ అడగలేదు. కొత్త బూట్ వేసేటప్పుడు టాప్ అన్న గుర్తు పైకి రావాలి, బల్బు మూడు కాళ్లూ బూట్ మధ్యలోంచి పూర్తిగా బయటికి వచ్చి చుట్టూ పెదవి వాలిపోవాలి.

ఎల్ఈడీకి ఇంకో గుణం ఉంది. హాలోజన్ బల్బు వేడిలో పెద్ద భాగం ముందుకి కిరణాలుగా పోయి గ్లాసును ఆరబెడుతుంది. ఎల్ఈడీ వేడి వెనక రెక్కల్లోంచి పోతుంది, గ్లాసు చల్లగానే ఉంటుంది. లీకు లేకపోయినా హాలోజన్ కోసం చేసిన డూమ్‌లో ఎల్ఈడీ పెడితే మూల మసక పోవడానికి ఎక్కువసేపు పడుతుంది.

ఎడమ డూమ్, తర్వాతి వారాలు

ఎడమ డూమ్‌కి చేసింది: గొట్టాలు రెండూ ఊది చూడటం, కింది దాంట్లో సాలెగూడు తీయడం, అక్కడా ఎల్ఈడీ తీసి హాలోజన్, కొత్త బూట్. పదిహేను నిమిషాల పని. సిలికా జెల్ వేయమని అడిగారు, వేయలేదు. ఊపిరి తీసుకునే డబ్బాలో పొట్లం కొద్ది రోజుల్లో నిండిపోతుంది, ఆపైన లైటు వేడెక్కినప్పుడల్లా తాగిన తేమను తిరిగి కక్కుతుంది.

మూడు వారాలకి బండి మళ్లీ చూశాం. మధ్యలో రెండు రోజుల ముసురు పడింది. కుడి డూమ్ అడుగున పొడిగా ఉంది. తెల్లవారు వేళ కింది మూలలో అరచేయంత మసక రెండు డూమ్‌లలోనూ ఒకే తీరుగా వస్తోందనీ, లైటు వేసిన పావుగంటలో పోతోందనీ ఓనరు చెప్పారు. రెండువైపులా ఒకేలా ఉండటమే మనకి కావలసిన సాక్ష్యం. కుడి రిఫ్లెక్టర్ అడుగున నల్లబడిన పట్టీ అలాగే ఉంది, లో బీమ్ మీద దాని ప్రభావం గోడ మీద కనిపించలేదు గానీ హై బీమ్‌లో కింది భాగం కొంచెం పలచన.

ఈ పద్ధతి అన్ని డూమ్‌లకీ కుదరదు. ఎల్ఈడీ, దాన్ని నడిపే డ్రైవర్ బోర్డు కంపెనీ నుంచే లోపల అమర్చి వచ్చే డూమ్‌లను పెట్టెలో వేడిచేయకూడదు. వారంటీలో ఉన్న బండిదైతే ఏదీ విప్పకుండా, నీటి గీత కనిపించేలా ఫొటో తీసి సర్వీసుకి పంపడమే దారి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో నీట మునిగిన బండ్ల లాంటివి మరో తరగతి. ఊపిరి గొట్టాల్లోంచే వరద నీరు ఎక్కి, రిఫ్లెక్టర్ మీద ఒండ్రు పేరుకుంటుంది. అది ఆరకముందే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగితే కొంత దక్కుతుంది, ఆరిపోయాక అయితే డూమ్ మార్చడమే చవక.